గేరు సైకిలు కొనబోతున్న మనవలకు

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ విజయనగరం నుంచి తాతయ్య ఆశీస్సులు.

మీరు ఫోనులో పంపిన నాలుగు సైకిళ్ల ఫొటోలూ కళ్లద్దాలు పెట్టుకుని రెండేసిసార్లు చూశాను. నాలుగింటికీ ముందొకటి, వెనకొకటి షాకబ్జర్లు ఉన్నాయి, రెండింటి ఫ్రేముల మీద నిప్పుమంటలు కూడా వేసి ఉన్నాయి, ధర మాత్రం ఒక్కటీ 15,000 రూపాయలు దాటలేదు. మీ నాన్న అంతకు మించి ఇవ్వనన్నాడనీ, ఇద్దరికీ కలిపి ఒకటే సైకిలన్నాడనీ మీ అమ్మ చెప్పింది. ఆ డబ్బుకు రాళ్లదారిలో తొక్కగలిగిన సైకిలు దొరుకుతుంది కానీ, అది మీరు పంపిన నాలుగింటిలో లేదు. ఎందుకు లేదో ఫోనులో చెబితే సగమే వింటారు కనుక కాగితం మీద పెడుతున్నాను.

మౌంటెన్ బైకు అంటే స్ప్రింగులున్న సైకిలు అని మీరు అనుకుంటున్నారు. ఈ రకం సైకిలు పుట్టినచోట స్ప్రింగులే లేవు. అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మారిన్ కౌంటీ అనే ప్రాంతం ఉంది. 1970లలో అక్కడి కుర్రాళ్లు కొందరు పాత సామాన్ల కొట్లలో పడి ఉన్న బరువైన లావు టైర్ల సైకిళ్లు తెచ్చి, టమాల్‌పాయిస్ కొండ చుట్టుపక్కల మట్టిదారుల్లో దిగడం మొదలుపెట్టారు. 1976లో పందెం కూడా పెట్టుకున్నారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు దారిలో దాదాపు 400 మీటర్ల ఎత్తు దిగాలి. ఆ సైకిళ్లకు పెడలు వెనక్కి తొక్కితే వెనక చక్రం నడుమ ఉండే హబ్బులో పట్టే బ్రేకు ఉండేది. దిగువకు చేరేసరికి ఆ హబ్బు కాలిపోయి, లోపలి గ్రీజంతా పొగై పోయేదట, మళ్లీ గ్రీజు కూరితే గాని ఇంకోసారి దిగడానికి వీలయ్యేది కాదు. అలా మళ్లీ కూరడాన్ని ఇంగ్లీషులో రీప్యాక్ అంటారు కనుక ఆ దారికి, ఆ పందేనికి అదే పేరు నిలిచిపోయింది. 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఆ దారుల కోసమే కొత్త ఫ్రేము కట్టాడు, 1981లో స్టంప్‌జంపర్ అనే సైకిలు పెద్ద ఎత్తున అమ్మకానికి వచ్చింది, వాటికీ ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఉత్త ఇనుప కాడే. కొండ సైకిళ్లకు షాకబ్జరు ఫోర్కులు బజారులోకి వచ్చింది 1990 ప్రాంతంలో. అప్పటిదాకా కుదుపును మోసినవి లావు టైర్లు, తొక్కేవాళ్ల మోచేతులు, మోకాళ్లు.

ఇప్పుడు లెక్క చూడండి. మంచి షాకబ్జరులో స్ప్రింగుతోపాటు, నొక్కుకున్న స్ప్రింగు ఒక్కసారిగా తన్నకుండా ఆపే నూనె ఏర్పాటు ఉంటుంది, అలాంటి ఫోర్కు ఒక్కటే మీ సైకిలంత ఖరీదు చేస్తుంది. 15,000 రూపాయల్లో రెండు షాకబ్జర్లు పెట్టి, చక్రాలు, బ్రేకులు, గేర్లు, రంగు అన్నీ అమర్చాలంటే తయారీదారు ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదు, ఆ కోత మీ కంటికి కనబడని చోటే పడుతుంది. వెనక షాకబ్జరు మరీ దండగ. ఎత్తు ఎక్కేటప్పుడు మీరు పెడలు మీద వేసే బలంలో కొంత ఆ స్ప్రింగు నొక్కుకోవడానికే పోతుంది. పరుపు మంచం మీద నిలబడి గెంతబోతే కాళ్లు ఎలా కూరుకుపోతాయో అలాగే ఉంటుంది. కొన్నాళ్లకు ఫ్రేము మధ్య కీలు అరిగి, సైకిలు వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి వెనక షాకబ్జరున్న వాటిని జాబితాలోంచి కొట్టేయండి. ముందుది లేని సైకిలు నచ్చిందంటే నాకు సంతోషమే, ఉన్నదే కావాలంటే కొట్లో ముందు బ్రేకు గట్టిగా పట్టి, హ్యాండిలు మీద బరువంతా వేసి నొక్కి వదలండి. నిదానంగా లేస్తే సరే, టక్కున తన్నిందంటే అది ఉత్త స్ప్రింగే.

కొలత విషయంలో నా మాట అసలు కాదనకండి. మీరు పెరుగుతారు కదా అని, స్కూలు బట్టలు వదులుగా కుట్టించినట్టు, మీ నాన్న పెద్ద సైకిలు కొంటానంటాడు. నేను ఎనిమిదేళ్లప్పుడు అద్దె సైకిలు మీద ఫ్రేము సందులోంచి కాలు పెట్టి అడ్డతొక్కుడు తొక్కినవాణ్నే, అది వేరే సైకిలు తెచ్చుకునే గతి లేక. రాళ్లలో జారినప్పుడు రెండు కాళ్లూ ఒక్కసారిగా నేలకు ఆనాలి. పైకమ్మికి అటూ ఇటూ కాళ్లు వేసి నిలబడితే కమ్మికీ మీకూ మధ్య కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. ఇద్దరిలో చెల్లాయి పొట్టిది కాబట్టి కొలత దానిదే చూడాలి. సీటు అన్నయ్య కోసం పైకి లేపుకోవచ్చు కానీ ఫ్రేమును ఎవరూ కిందికి దించలేరు. సీటు ఎత్తు తెలుసుకోవడానికి మడమ పెడలు మీద ఉంచి, పెడలు బాగా కిందికి వచ్చినప్పుడు కాలు చాచుకుంటుందో లేదో చూడండి.

చక్రాలు 26, 27.5, 29 అంగుళాలని మూడు కొలతల్లో వస్తాయి. టైరు పక్కన 559, 584, 622 అనే అంకెల్లో ఒకటి ఉంటుంది, రిమ్ముకు టైరు కూర్చునే చోటి వ్యాసం మిల్లీమీటర్లలో అదే. ట్యూబు, టైరు కొనేటప్పుడు ఈ అంకె చెబితే పొరపాటు జరగదు. మీ వీధి చివర పంచరు వేసే అతని దగ్గర ఏ కొలత ట్యూబు దొరుకుతుందో సైకిలు కొనక ముందే అడిగి రండి.

గేర్లు 21 అని ఫొటో కింద పెద్ద అక్షరాలతో రాశారు. ముందు పళ్లచక్రాలు మూడు, వెనక ఏడు, హెచ్చవేస్తే 21, అంతే. వాటిలో చాలా జతలు ఇంచుమించు ఒకే ఫలితమిస్తాయి, ముందు పెద్దదీ వెనక పెద్దదీ కలిపితే చైను అడ్డంగా సాగి అరుగుతుంది. మీరు చూడవలసింది ఎన్ని గేర్లని కాదు, అన్నిటికన్నా తేలిక గేరు ఎంత తేలికని. ముందు 24 పళ్లు, వెనక 28 పళ్లు ఉంటే, 26 అంగుళాల చక్రంతో పెడలు ఒక చుట్టు తిరిగేసరికి సైకిలు సుమారు 1.8 మీటర్లు కదులుతుంది. అదే ముందు 42, వెనక 14 పెడితే 6.2 మీటర్లు పోతుంది. సింహాచలం ఘాట్ రోడ్డు లాంటి ఎత్తులో మీ మోకాళ్లకు కావలసింది ఆ మొదటి లెక్క. వెనక పళ్లు 34 దాకా ఉన్నది దొరికితే ఇంకా మేలు. మరొక ప్రశ్న కూడా దుకాణదారుణ్ని అడగండి: వెనక పళ్లచక్రాల గుత్తి ఫ్రీవీలా, లేక హబ్బు మీదికి జారించి తొడిగే క్యాసెట్టా? హబ్బుకు మరతో బిగించే ఫ్రీవీలులో కుడివైపు బేరింగు ఇరుసు చివరకు దూరంగా, లోపలికి ఉంటుంది కనుక, ఎత్తుల మీంచి దూకితే ఆ ఇరుసు వంగిపోతుంది. ఈ ధరలో ఎక్కువగా దొరికేది ఫ్రీవీలే, అందుకని కొనవద్దని అనను, దూకుడు మాత్రం తగ్గించుకోండి.

బ్రేకుల దగ్గర మీరిద్దరూ పోట్లాడుకున్నారని విన్నాను. చక్రం నడుమ బిగించిన పళ్లెాన్ని పట్టే డిస్కు బ్రేకు మంచిదే. రిమ్ము తడిసినా, బురద అంటినా, కాస్త బెండు పడినా డిస్కుకు పట్టింపు లేదు. రిమ్మును పట్టే వి-బ్రేకు అయితే వానలో ముందు నీళ్లు తుడిచి తరవాత ఆపుతుంది. కానీ ఊరూపేరూ లేని డిస్కు కన్నా సరిగ్గా అమర్చిన వి-బ్రేకు నయం, పైగా దాని రబ్బర్లు ఎక్కడైనా దొరుకుతాయి. డిస్కే తీసుకుంటే ఒక్క జాగ్రత్త మరవకండి. మనకు కిర్రుమన్న ప్రతిచోటా నూనె వేసే అలవాటుంది, డిస్కు మీద మాత్రం ఒక్క చుక్క పడినా బ్రేకు పట్టదు.

ఇక పెట్టెలో వచ్చే సైకిలు సంగతి. నాలుగేళ్ల క్రితం వెయ్యి రూపాయలు కలిసివస్తాయని నేనొకటి అలా తెప్పించి, మిగిలిన బిగింపు నాకు రాదా అని వరండాలో కూర్చుని బిగించాను. రెండు రోజులు తొక్కాక పక్కింటి కుర్రవాడు చూసి, ముందు ఫోర్కు వెనక్కి తిరిగి ఉందన్నాడు. అంతకు ముందే ఎడమ పెడలును బలవంతంగా కుడివైపుకు తిప్పి పెడలు బిగించే కాడ, అంటే క్రాంకు, మర చెడగొట్టాను. ఎడమ పెడలు మర ఎదురు మర, దాన్ని ఎడమకు తిప్పితేనే బిగుస్తుంది. జీవితమంతా సైకిలు తొక్కి, ఏటేటా ఓవరాయిలింగు చేయించినవాణ్ని ఆ సంగతి మరిచాను. క్రాంకు మార్పించడానికి, మెకానిక్కు కూలికి కలిపి ఆ వెయ్యికి పైనే అయింది. అందుకని మీరు దుకాణంలోనే కొనండి, వీధిలో ఒక చుట్టు తొక్కి చూడండి, చక్రాన్ని లేపి తిప్పి బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందు ఒకేలా ఉందో లేదో చూడండి.

మీరుండేది విశాఖలో, సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కనుక అల్యూమినియం ఫ్రేము దొరికితే అదే మంచిది, బరువు కూడా కాస్త తగ్గవచ్చు. చైను మాత్రం ఎలాగూ ఉక్కుదే. వారానికోసారి పొడిగుడ్డతో తుడిచి, చుక్క చుక్కగా నూనె వేసి, మిగిలింది మళ్లీ తుడిచేయాలి. ఉన్న డబ్బంతా సైకిలు మీదే పెట్టవద్దు. 12,500కు సైకిలు చూసుకుని, మిగిలినదానితో ఇద్దరికీ రెండు హెల్మెట్లు, ఒక గాలి పంపు, వెనక ఎర్రలైటు కొనండి. గాలి టైరు మీద రాసిన అంకెల మధ్యే ఉంచాలి, మట్టిదారిలో అయితే కింది అంకెకు దగ్గరగా ఉంటే పట్టు బాగుంటుంది. కంబాలకొండ వైపు పోతే అటవీశాఖవారు తొక్కనిచ్చిన దారి దాటి పోకండి.

కొత్త సైకిలుకు తొలి నెలలో బ్రేకు, గేరు తీగలు సాగుతాయి, స్పోకులు వదులవుతాయి. ఆ నెల కాగానే దాన్ని రైల్లో వేసుకుని ఇక్కడికి వస్తే నేనే సరిచేస్తాను. పెడళ్లు విప్పే 15 నంబరు స్పానరు నా దగ్గర ఉంది, మీరు కొనవద్దు.

ఇట్లు,
తాతయ్య