నాజీల కాలపు అనాటమీ ప్రొఫెసర్లు: అపోహలు - వాస్తవాలు

అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) డిపార్ట్‌మెంట్‌కు బాడీ వచ్చిందంటే ముందు చూడాల్సింది దాని వెంట వచ్చిన కాగితాలు. ఎవరిది, ఎలా చనిపోయారు, ఎవరు ఒప్పుకున్నారు? హిట్లర్ ఏలుబడిలో ఈ ప్రశ్నలు అడగని ప్రొఫెసర్లకు శవాల కొరత లేకుండా పోయింది. పదవులకూ ఢోకా రాలేదు.

అపోహ: ఇదంతా క్యాంపుల్లోని నలుగురైదుగురు ఉన్మాదుల పని.

వాస్తవం: అస్థిపంజరాల సేకరణ కోసం 1943 ఆగస్టులో 86 మంది యూదులను చంపించిన స్ట్రాస్‌బర్గ్ ప్రొఫెసర్ ఆగస్ట్ హిర్ట్ పేరే అందరికీ గుర్తుంటుంది. నిజానికి మరణశిక్ష అమలైన ఖైదీల శవాలు అందుకోని అనాటమీ విభాగం జర్మనీలో లేదు. దగ్గరి జైలు నుంచి యూనివర్సిటీకి పంపడం ప్రభుత్వ ఉత్తర్వుల ప్రకారమే నడిచేది. యుద్ధకాలంలో రాజద్రోహం కేసుల్లో బంధువులు అడిగినా శవం ఇచ్చేవారు కాదు.

అపోహ: పార్టీలో చేరకపోతే ప్రొఫెసర్ పదవి ఉండేది కాదు.

వాస్తవం: కొత్తగా వచ్చేవాళ్ల విషయంలో ఇది చాలావరకు నిజం. 1934 చివర్లో నిబంధనలు మారాక హాబిలిటేషన్ (డాక్టరేట్ తర్వాత ప్రొఫెసర్ కావడానికి కావాల్సిన అర్హత) పూర్తి చేస్తే సరిపోయేది కాదు. పాఠం చెప్పే అనుమతి వేరుగా తెచ్చుకోవాలి, దానికి రాజకీయ శిబిరంలో హాజరు కూడా ఉండాలి. అప్పటికే పేరున్నవాళ్లకు మాత్రం వెసులుబాటు ఉండేది. 1935లో బెర్లిన్ యూనివర్సిటీ అనాటమీ పీఠం ఎక్కిన హెర్మన్ స్టీవ్ పార్టీలో చేరనేలేదు. వియన్నాలో అనాటమీ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ పెర్న్‌కోఫ్ 1933లోనే చేరి, 1938లో వైద్య ఫ్యాకల్టీ డీన్ అయ్యాడు. ఆ ఫ్యాకల్టీలోని 197 మందిలో 153 మందికి ఉద్వాసన పలికారు. 1943లో ఆయనే రెక్టర్ (యూనివర్సిటీ అధిపతి). ఫ్రైబుర్గ్ అనాటమిస్టు ఫోన్ మోలెన్‌డార్ఫ్ దారి వేరు: 1933లో రెక్టర్ పదవిలో కొద్ది రోజులే ఉండి దిగిపోయాడు, 1935లో జ్యూరిక్ వెళ్లిపోయాడు.

అపోహ: ఎలాగూ చనిపోయినవాళ్లే కదా, పరిశోధనకు వాడితే తప్పేంటి?

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే. ప్రాణం పోగానే కణాలు తమ ఎంజైములతోనే కరిగిపోవడం మొదలవుతుంది. అండాశయంలో ఏ ఫాలికిల్ (అండం పెరిగే తిత్తి) ఏ దశలో ఉందో మైక్రోస్కోపులో తేలాలంటే కణజాలం త్వరగా ఫిక్సేటివ్‌లో (చెడిపోకుండా ఆపే ద్రవంలో) పడాలి. సాధారణంగా పది శాతం ఫార్మలిన్ (అంటే దాదాపు 4 శాతం ఫార్మాల్డిహైడ్), ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు పోస్తాం. ముక్క మందమైతే మందు లోపలికి దిగేలోపే నడిమి భాగం చెడుతుంది. ఆస్పత్రి మార్చురీ శవాల్లో ఇంత తాజాదనం అరుదు. బెర్లిన్‌లోని ప్లోట్జెన్‌సీ జైలు నుంచి స్టీవ్‌కు అది దొరికింది. మరణశిక్ష సంగతి ఖైదీకి తెలిసిన తేదీ, నెలసరి వివరాలు కూడా జైలు నుంచే వచ్చేవి. భయం వల్ల ఆడవాళ్లలో రక్తస్రావం ఎలా మారుతుందన్నది ఆయన పరిశోధనాంశం. శిక్ష ఎదురుచూపులే ఇక్కడ ప్రయోగమయ్యాయి. కాబట్టి ‘చనిపోయాక తీసుకున్నాడు’ అనే సమర్థన చెల్లదు. 1946లో ఆయనే తయారుచేసిన జాబితాలో 182 పేర్లున్నాయి, వాటిలో 174 ఆడవాళ్లవి.

అదే ల్యాబ్‌లో పనిచేసిన షార్లెట్ పొమ్మర్ 1942 డిసెంబర్ 22న బల్ల మీద రెడ్ ఆర్కెస్ట్రా ప్రతిఘటన బృందం వాళ్లను గుర్తుపట్టి, అనాటమీనే వదిలేసింది. ‘ఇష్టం లేకున్నా చేయక తప్పలేదు’ అనేవాళ్లకు ఆమె ఒక్కతి చాలు జవాబు.

అపోహ: 1945 తర్వాత అందరికీ శిక్ష పడింది.

వాస్తవం: లేదు. హిర్ట్ ఆత్మహత్య చేసుకున్నాడు. స్టీవ్ 1952లో చనిపోయేదాకా పీఠం దిగలేదు. పెర్న్‌కోఫ్ నిర్బంధ శిబిరం నుంచి బయటికొచ్చి మళ్లీ తన అట్లాస్ (శరీర భాగాల బొమ్మల పుస్తకం) పనిలో కూర్చున్నాడు.

అపోహ: పెర్న్‌కోఫ్ అట్లాస్‌వి బొమ్మలే, వాటికి పాపం అంటదు.

వాస్తవం: మరణశిక్ష అమలైనవారివి కనీసం 1,377 శవాలు ఆ విభాగానికి చేరినట్టు 1998లో ముగిసిన వియన్నా యూనివర్సిటీ విచారణ తేల్చింది. పాత ముద్రణల్లో కొందరు చిత్రకారుల సంతకాల్లో స్వస్తిక కనిపిస్తుంది, తర్వాతి ముద్రణల్లో చెరిపేశారు. నరాల సర్జరీ చేసేవాళ్లు కొందరు ఇప్పటికీ ఆ బొమ్మలు తిరగేస్తారు. వాడితే వాటి పుట్టుక దాచకుండా చెప్పాలని యూదు మతగురువు జోసెఫ్ పోలాక్ రాసిన ‘వియన్నా ప్రోటోకాల్’ కోరుతుంది.

అపోహ: మన ఎంబీబీఎస్ వాళ్లకు ఇదంతా దూరపు చరిత్ర.

వాస్తవం: ఫస్టియర్ హిస్టాలజీలో (కణజాలాల పాఠంలో) బ్రాంకియోల్ (ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలిగొట్టం) స్లైడ్ కింద రాసే ‘క్లారా సెల్’ నాజీ పార్టీ సభ్యుడైన మాక్స్ క్లారా పేరు. 1937లో ఆయన వర్ణించిన కణజాలం మరణశిక్ష అమలైన ఖైదీది. 2013 నుంచి ప్రధాన శ్వాసకోశ జర్నల్స్ ‘క్లబ్ సెల్’ అని రాస్తున్నాయి. పరీక్షలో అదే రాయండి. ఈ కణం విడుదల చేసే సీసీ16 ప్రోటీన్ పొడి అక్షరాలు ఈ పేరుకూ సరిపోతాయి, అవి మార్చనక్కర్లేదు.