అంత ఒళ్లు మోయాలంటే

వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సహజ చరిత్ర మ్యూజియంలో గుమ్మటం కింద ఒక ఆఫ్రికా మగ ఏనుగు నిలబడి ఉంటుంది. 1955లో అంగోలాలో వేటగాడి చేతిలో చచ్చిన ఏనుగది. భుజం దగ్గర ఎత్తు సుమారు 4 మీటర్లు. అంతటివి అరుదు. గడ్డి మైదానాల్లో తిరిగే మగ ఏనుగు మామూలుగా 3.2 మీటర్ల ఎత్తు, 6 టన్నుల బరువు ఉంటుంది. ఆడ ఏనుగు బరువు అందులో దాదాపు సగమే. కాంగో పరిసరాల దట్టమైన అడవుల్లో ఉండేవి ఇంకా చిన్నవి. వాటిని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2021లో వేరే జాతిగా లెక్కించింది.

అంత ఒళ్లున్న ఏనుగు జోలికి సింహం కూడా సాధారణంగా పోదు. అసలు చిక్కు వేడితో. ఒంటి ఆకారం మారకుండా ఎత్తు రెట్టింపైతే చర్మం నాలుగింతలే అవుతుంది, వేడి పుట్టించే కండ మాత్రం ఎనిమిదింతలవుతుంది. పోనీ చెమట పట్టి చల్లబడుతుందా అంటే, గోళ్ల దగ్గర తప్ప ఏనుగుకు చెమట గ్రంథులే లేవు. అందుకే ఆ చేటంత చెవులు. వాటి పల్చటి చర్మం కింద రక్తనాళాలు వల అల్లినట్టుంటాయి. చెవులు విసురుతుంటే రక్తం చల్లబడి ఒంట్లోకి తిరిగి వెళ్తుంది. చర్మం మీది సన్నటి పగుళ్లదీ ఇదే పని. నున్నటి చర్మం కంటే అవి ఐదు నుంచి పది రెట్లు ఎక్కువ నీటిని పట్టి ఉంచుతాయి. బురదలో పొర్లి వచ్చిన ఏనుగు చాలాసేపు చల్లగా ఉండేది అందుకే.

తిండి సంగతీ చిన్నదేం కాదు. రోజుకు 150 కిలోల దాకా గడ్డి, ఆకులు, బెరడు నమలాలి. తిన్నదాంట్లో సగం కూడా ఒంటికి పట్టదు. ఇంత నమిలితే పళ్లు ఆగుతాయా? దవడ పళ్లు అరిగేకొద్దీ వెనక నుంచి కొత్తవి ముందుకు జరిగి వస్తుంటాయి. జీవితకాలంలో ఆరు సెట్లు, అంతే. అరవై ఏళ్ల ప్రాంతంలో ఆఖరి సెట్టూ అరిగిపోతే, మేత ఎదురుగా ఉన్నా తినలేక చిక్కిపోతుంది.

ఆడవాటి ఎదుగుదల పాతికేళ్లకు దాదాపు ఆగుతుంది. మగవి నలభై దాటినా పెరుగుతూనే ఉంటాయి. జత కోసం జరిగే పోటీలో నెగ్గేవి ఎక్కువగా ఆ పెద్ద వయసు మగవే. ఒళ్లూ దంతాలూ పెద్దవైతే లాభమే, మనిషి తుపాకీ పట్టనంత కాలం.

ఆఫ్రికా దేశం మొజాంబిక్‌లో 1977 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం జరిగింది. అక్కడి గోరోంగోసా జాతీయ పార్కులో దంతాల కోసం సైనికులు ఏనుగులను చంపారు. పదింట తొమ్మిది పోయాయి. ఆఫ్రికా ఏనుగుల్లో మామూలుగా ఆడవాటికీ దంతాలుంటాయి. యుద్ధానికి ముందు అక్కడ దంతాల్లేని ఆడవి ఐదింట ఒకటి కూడా లేవు. తర్వాత చూస్తే సగం వాటికి దంతాల్లేవు. లేనివాటి జోలికి వేటగాళ్లు అంతగా పోలేదు మరి. దీనికి కారణమైన జన్యు మార్పు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉందని, తల్లి నుంచి అది అందిన మగ పిండం బతకదని 2021 నాటి పరిశోధన తేల్చింది. అలాంటి తల్లులకు పుట్టే పిల్లల్లో మూడింట రెండు వంతులు ఆడవే.