బ్రైటన్: తాళం వేసిన ఇళ్లు, చెమ్మ పట్టిన గోడలు

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్‌లో, తన ఆధీనంలోని ఎనిమిది ఎత్తైన భవనాలు ఇప్పటి భద్రతా ప్రమాణాలకు సరిపోవని 2024లో అక్కడి కౌన్సిల్ (ఊరి పాలక సంస్థ) ప్రకటించింది. ఆ ఊరి పేటలైన వైట్‌హాక్‌లో ఐదు, హాలింగ్‌డీన్‌లో రెండు, కెంప్‌టౌన్‌లో ఒకటి. ఫ్యాక్టరీలో పోతపోసిన పెద్ద కాంక్రీటు పలకలను తెచ్చి, ఒకదానిమీద ఒకటి నిలబెట్టి కట్టినవి. ఈ చిక్కు ఎలా వచ్చిందో తెలియాలంటే రెండో ప్రపంచయుద్ధం నాటికి వెళ్లాలి.

1940 వేసవిలో బ్రైటన్ సముద్రతీరాన్ని మూసేశారు. శత్రువు దిగకుండా ఒడ్డున మందుపాతరలు పాతారు, సముద్రంలోకి వంతెనల్లా సాగే రెండు పియర్లనూ మధ్యలో తెగ్గొట్టారు. తర్వాత బాంబులు పడ్డాయి. వేల ఇళ్లకు పెంకులు లేచిపోయాయి, కిటికీలు పగిలాయి. బాగుచేసే మేస్త్రీలు సైన్యంలో ఉన్నారు, కలప దొరకదు. చాలా ఇళ్లకు తాత్కాలికంగా అతుకులు వేసి వదిలేశారు.

1945లో సైనికులు తిరిగొచ్చేసరికి భార్యాపిల్లలు అత్తింట్లోనో పుట్టింట్లోనో ఒక్క గదిలో సర్దుకుంటున్నారు. అదే ఊళ్లో ఇళ్లు తాళాలు వేసి ఉన్నాయి. వేసవి విహారానికి వచ్చేవాళ్లు వారానికి ఇచ్చే అద్దె, ఏడాది పొడవునా ఉండే కుటుంబం ఇచ్చేదానికన్నా యజమానికి ఎక్కువ గిట్టుబాటు. సముద్రం పక్కనున్న ఊరికి ఉండే ప్రత్యేకమైన శాపం ఇది. ఇళ్లు లేక కాదు, ఉన్న ఇళ్లు సీజన్ కోసం ఎదురుచూస్తూ ఉండటం వల్ల జనం వీధిన పడ్డారు.

హ్యారీ కౌలీ అనే ఆయన ఊరుకోలేదు. పొగగొట్టాలు శుభ్రం చేయడం ఆయన వృత్తి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత కూడా మాజీ సైనికులను ఖాళీ ఇళ్లలోకి చేర్చిన మనిషి. 1945 వేసవిలో విజిలాంటీలు అనే బృందంతో ఆ పనే మళ్లీ చేశాడు. తాళం తీసి, సామానుతో సహా కుటుంబాన్ని లోపల దించేవాళ్లు. చట్టం దృష్టిలో తప్పే కావచ్చు, కానీ పసిపిల్లతో వీధిలో నిలబడ్డ తల్లికి అంతకన్నా న్యాయం ఎవరు చేశారు? ఆ జులైలోనే ఖాళీ ఇళ్లను స్వాధీనం చేసుకునే అధికారాన్ని ప్రభుత్వం స్థానిక కౌన్సిళ్లకు ఇచ్చింది.

తర్వాత వచ్చిన లేబర్ ప్రభుత్వంలో ఇళ్ల బాధ్యత ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవన్‌ది. ప్రైవేటు కట్టడాలకు లైసెన్సులు బిగించి, కౌన్సిళ్లే కట్టి అద్దెకిచ్చే ఇళ్లకు పెద్దపీట వేశాడు. ఊరి వెనక గుట్టలమీద బెవెండీన్, కోల్డీన్, హాలింగ్‌బరీ కాలనీలు అలా లేచాయి. తోట, స్నానాలగది ఉన్న మంచి ఇళ్లే.

పాత ఇళ్ల సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. బ్రైటన్‌లో చాలా పాత గోడలు బంగరూష్‌తో కట్టినవి. చెకుముకి రాళ్లు, విరిగిన ఇటుకలు, దొరికిన రాళ్లూరప్పా సున్నంలో కలిపి చెక్కల మధ్య పోసిన గోడ అది. తడి ఎక్కువైతే జావగారిపోతుంది, మరీ ఎండితే రాలిపోతుంది. ఉప్పుగాలి తగిలే చోట పైపూత చెడకుండా ఎప్పటికప్పుడు చూసుకోవాలి. కానీ అద్దెలు 1939 స్థాయి దాటకుండా చట్టంతో బిగించారు. కూలి, సరుకు ధరలు ఆగలేదు. యజమాని మరమ్మతు చేయించడు, అద్దెదారుకు పోవడానికి వేరే చోటు లేదు. అద్దెకున్నవాళ్లను కాపాడిన చట్టమే వాళ్ల నెత్తిమీది కప్పును గాలికి వదిలేసింది. 1949 చట్టం మెరుగుదలకు గ్రాంటు ఇచ్చినా, మిగతా ఖర్చు యజమానే పెట్టుకోవాలి. మరమ్మతు చేసినవాళ్లు అద్దె కొంత పెంచుకోవచ్చని 1954లో అన్నారు, 1957లో ఎక్కువ విలువైన ఇళ్లపై, కొత్తగా అద్దెకిచ్చే ఇళ్లపై నియంత్రణే ఎత్తేశారు. అప్పటికి ఎన్నో గోడలు తిరిగి కోలుకోలేని స్థితిలో ఉన్నాయి.

పక్కనే ఉన్న హోవ్ ఊళ్లో 1945లో సంపన్నుల పాత భవనాల చదరమైన బ్రన్స్‌విక్ స్క్వేర్‌నే కూల్చేసి కొత్తగా కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. దాన్ని ఆపడానికే పాత కట్టడాలను కాపాడే రీజెన్సీ సొసైటీ పుట్టింది, ఆ చదరం నిలిచింది. బ్రైటన్‌లో ఆల్బియన్ హిల్ పేటలోని పేదల వీధులకు అలాంటి సొసైటీ లేదు. వాటిని కూల్చి ఎత్తైన భవనాలు కట్టారు. 1956 చట్టం ప్రకారం అంతస్తులు పెరిగేకొద్దీ సబ్సిడీ పెరిగేది, అందుకే దేశమంతా కౌన్సిళ్లు పైకే కట్టాయి. పలకల పద్ధతిలో పని త్వరగా పూర్తవుతుందని దాన్నే ఇష్టపడ్డారు. 1968 మే 16న లండన్‌లో రోనన్ పాయింట్ భవనంలో గ్యాస్ పేలి ఒక మూల మొత్తం కూలింది, నలుగురు చనిపోయారు. ఆ పద్ధతిలో అతుకుల బలహీనత ఆనాడే తెలిసింది.

1980 చట్టంతో కౌన్సిల్ ఇళ్లలోని అద్దెదారులు తమ ఇంటిని తగ్గింపు ధరకు కొనుక్కోగలిగారు. గుట్టలమీది తోట ఇళ్లు ఎన్నో అలా కౌన్సిల్ చేయి దాటాయి. ఎత్తైన భవనాల్లోనూ కొందరు తమ ఫ్లాటు కొనుక్కున్నారు. గోడలూ కప్పూ కౌన్సిల్ బాధ్యతే, కానీ మరమ్మతు బిల్లులో వాటా ఆ ఫ్లాటు కొన్నవాళ్లకూ వస్తుంది. 2024లో ప్రమాణాలకు సరిపోవన్న ఆ ఎనిమిది భవనాల్లో అలాంటి కుటుంబాలూ ఉన్నాయి.