అంగన్‌వాడీ ఎవరి పద్దు?

నాట్ల రోజుల్లో కూలీల ఆటో ఊళ్లో నుంచి ఆరున్నరకే కదులుతుంది. అంగన్‌వాడీ తలుపు తీసేది తొమ్మిదికి. ఈలోగా చంటిపిల్ల ఎవరి దగ్గర ఉండాలి? నాయనమ్మ ఉంటే నాయనమ్మ దగ్గర, లేకుంటే బడి మానిన అక్క దగ్గర, అదీ లేకుంటే గట్టు మీద చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాల్లో. తొమ్మిది దాటినా ఇబ్బంది తీరదు. మూడేళ్లు నిండని పిల్లను కేంద్రంలో రోజంతా ఉంచుకోరు, బాలామృతం ప్యాకెట్ తల్లి చేతికిచ్చి పంపుతారు. అక్కడే ఉండి అన్నం తినేది మూడు నుంచి ఆరేళ్ల వాళ్లే.

ఇందులో టీచర్ తప్పేమీ లేదు. పథకం పుట్టినప్పటి నుంచీ దాని లెక్కే అంత. తిండికి పద్దు ఉంది, టీకాలకు ఉంది, ఆటపాటలకూ ఉంది. తల్లి పనికి పోతే పిల్లను చూసుకునే పనికి మాత్రం గట్టి పద్దు ఎప్పుడూ పడలేదు. పైగా కాగితం మీద ఈ పని ఊరి పంచాయతీది, డబ్బేమో ఢిల్లీ నుంచీ రాష్ట్ర రాజధాని నుంచీ శాఖల దారిలో వస్తుంది. ఈ రెండూ ఎక్కడ విడిపోయాయో తెలియాలంటే డెబ్భై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టారు. తొలి అధ్యక్షురాలు మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్. అప్పటికే మద్రాసులో ఆంధ్ర మహిళా సభ నడిపిన అనుభవం ఆమెది. ప్రభుత్వం నేరుగా పిల్లల కేంద్రాలు నడపకుండా, నడిపే సంఘాలకు గ్రాంటు ఇవ్వడం ఆ బోర్డు పద్ధతి. పల్లెల్లో బాలవాడీలు అలా మొదలయ్యాయి. ఇప్పటికీ కొన్ని ఊళ్లలో పెద్దవాళ్లు అంగన్‌వాడీని 'బాలవాడి' అనే అంటారు. సంఘంలో చురుకైన మనిషి ఉన్నచోట బాలవాడి బాగా నడిచింది, గ్రాంటు ఆగినచోట మూతపడింది. 1959లో షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించాక సమితులు వచ్చాయి, మహిళా మండళ్లు వాటి నీడన పనిచేశాయి. ఊరి పిల్లల పని ఊరి పాలనకు కాస్త దగ్గరగా ఉన్న కాలం అదే అనిపిస్తుంది. కాకపోతే అప్పుడు డబ్బు చాలా తక్కువ.

డబ్బు వచ్చింది 1975లో. ఆ ఏడాది అక్టోబర్ 2న దేశంలో 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) మొదలైంది. అంగన్‌వాడీలు దీనివే. నిర్వహణ ఖర్చు మొత్తం కేంద్రానిది, పోషకాహారం ఖర్చు రాష్ట్రానిది. వర్కర్, ఆమె పైన సూపర్‌వైజర్, ఆ పైన ప్రాజెక్టు అధికారి (సీడీపీవో), జిల్లాలో ప్రాజెక్టు డైరెక్టర్ (పీడీ). కొత్త శాఖకు కింద నుంచి పై దాకా మెట్లు కట్టారు గానీ, ఆ మెట్లలో ఒక్కటీ పంచాయతీ ఆఫీసు మీదుగా పోలేదు. సర్పంచ్‌కు దానితో ఉన్న సంబంధం, గది దొరక్కపోతే చూపించడం, జెండా పండక్కి వచ్చి చాక్లెట్లు పంచడం.

అదే సమయంలో క్రెష్‌లకు, అంటే తల్లి పనిలో ఉన్నంతసేపు పిల్లను చూసుకునే కేంద్రాలకు, మరో దారి పడింది. ఫ్యాక్టరీల చట్టం 1948లోనే వాటి గురించి చెప్పింది, తర్వాత సవరించి, 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలన్నారు. తోటల కార్మికులకు, బీడీ కార్మికులకు, 1996లో భవన నిర్మాణ కార్మికులకు కూడా చట్టాలు వచ్చాయి. ఇవన్నీ యజమాని ఒకడు ఉన్నచోట పనికొచ్చేవి. ఈరోజు ఒకరి పొలంలో, రేపు ఇంకొకరి పొలంలో వంగి పనిచేసే కూలీ మనిషికి యజమాని ఎవరు? తెలుగు పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లలో ఎక్కువమంది ఆమెలాంటి వాళ్లే. చట్టం వాళ్ల దాకా రాలేదు. స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటిచ్చే క్రెష్ పథకం ఒకటి 1975లోనే పెట్టినా, అది కొద్దిచోట్లకే పరిమితం.

1993 ఏప్రిల్ 24న, పంచాయతీలకు రాజ్యాంగంలో చోటిచ్చిన 73వ సవరణ అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూల్లో 29 అంశాలు, వాటిలో 25వది మహిళా శిశు అభివృద్ధి. అంతటితో పంచాయతీకి అధికారం వచ్చేసిందనుకుంటే పొరపాటు. 243-జి అధికరణం చెప్పేది ఏమిటంటే, రాష్ట్ర శాసనసభ ఆ పనులు పంచాయతీలకు అప్పగించవచ్చు. 'అప్పగించాలి' అనలేదు. ఆ ఒక్క మాట తేడాతో ముప్పై ఏళ్లు గడిచిపోయాయి. పట్టణాలకిచ్చిన పన్నెండో షెడ్యూల్లోనైతే శిశు అభివృద్ధి అన్న మాటే లేదు.

మన దగ్గర అసలేమీ జరగలేదని కాదు. జిల్లా పరిషత్, మండల పరిషత్ సాధారణ నిధుల్లో 15 శాతం మహిళా శిశు సంక్షేమానికి విడిగా పెట్టాలన్న నియమం ఉంది. మిగతాది పనులకు 35, జీతభత్యాలకు 16, ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, తాగునీటికి 9, అనుకోని ఖర్చులకు 4. జిల్లా పరిషత్‌లో ఏడు స్థాయీ సంఘాలుంటే ఐదోది మహిళా సంక్షేమానిదే.

వినడానికి 15 శాతం పెద్దదిగానే ఉంటుంది. ఒక మాటకు మండల పరిషత్ సాధారణ నిధి ఏడాదికి 40 లక్షలు అనుకుందాం. 15 శాతమంటే 6 లక్షలు. మండలంలో 50 అంగన్‌వాడీలు ఉంటే ఒక్కోదానికి 12 వేలు, నెలకు వెయ్యి. అందులోంచే మహిళలకూ ఖర్చు పెట్టాలి, కాబట్టి కుట్టు మిషన్లు వస్తాయి. సభలో చప్పట్ల మధ్య మిషన్లు పంచితే ఫొటో పడుతుంది. పిల్లలకు ఆయాను పెట్టి నెలనెలా జీతం ఇస్తే ఫొటో ఏముంటుంది? పైగా సీనరేజి (ఇసుక, రాళ్ల తవ్వకం రుసుము), స్టాంపు డ్యూటీ వాటా ఏ నెలలో ఎంత వస్తుందో తెలియని నిధి మీద నెల జీతం పెట్టే ధైర్యం ఏ ఎంపీడీవోకూ ఉండదు.

కేరళ ఇంకో దారి పట్టింది. 1996లో ప్రజా ప్రణాళిక పేరుతో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు వదిలేసింది. అంగన్‌వాడీలూ వాటి కిందికే వచ్చాయి. ప్రణాళిక నిధుల్లో కనీసం 5 శాతం పిల్లలు, వృద్ధులు, వికలాంగుల కోసం తీయాలన్నారు. పిల్లల తిండి ఖర్చులో వాటా, భవనం, మరమ్మతు అక్కడ పంచాయతీ బడ్జెట్లో కనిపిస్తాయి. గుడ్డు రాకపోతే అడగాల్సిన మనిషి వీధి చివర ఉంటాడు. తేడా అంతా అక్కడే ఉంది.

మిగతా దేశంలో అంగన్‌వాడీ విస్తరించింది కోర్టు వల్ల. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001 నుంచి వరుసగా ఆదేశాలిచ్చింది. తిండి సరఫరాలో కాంట్రాక్టర్లు వద్దంది. ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉన్న ఏ వాడ అడిగినా మూడు నెలల్లో కేంద్రం తెరవాలని, దేశమంతా 14 లక్షల కేంద్రాలు ఉండాలని 2006 డిసెంబర్లో చెప్పింది. ఒక పిల్ల రోజు తిండికి అప్పటిదాకా ఉన్న లెక్క ఒక్క రూపాయి. 2004లో అది రెండు అయింది. 2005-06 నుంచి ఆ తిండి ఖర్చులో కేంద్రం సగం భరించడం మొదలుపెట్టింది. 2017లో ఆ లెక్కను 8 రూపాయలు చేశారు. ఎనిమిది రూపాయలకు ఇవాళ కోడిగుడ్డు, దాని పక్కన కూర, పప్పు ఎలా వస్తాయో ఇంట్లో వంట చేసేవాళ్లను అడగాలి.

ఇక వాటాల మార్పులు. 2009-10లో తిండి కాక మిగతా ఖర్చులో కేంద్రం 90, రాష్ట్రం 10. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 14వ ఆర్థిక సంఘం 42 శాతానికి పెంచాక, రాష్ట్రాలకు డబ్బు ఎక్కువే వెళ్తోందంటూ కేంద్రం 2015-16 బడ్జెట్లో ఐసీడీఎస్ కేటాయింపును సగానికి పైగా కోసింది, తర్వాత కొంత కలిపింది. వాటా 60:40 అయింది. 2017 చివర్లో సూపర్‌వైజర్లు, సీడీపీవోల జీతాల్లో కేంద్రం భాగం 25 శాతానికి దిగింది. వర్కర్ గౌరవ వేతనం లెక్కను 2018 అక్టోబర్లో కేంద్రం 4,500 చేసింది. ఆపైన ఇచ్చేదంతా రాష్ట్రానిదే. అందుకే తెలంగాణలో 2021 నుంచి 13,650, ఆంధ్రలో 11,500. అందుకే 2023 డిసెంబర్ 12న ఆంధ్రలో వర్కర్లు, ఆయాలు సమ్మెకు దిగితే గొడవంతా రాష్ట్ర ప్రభుత్వంతోనే నడిచింది. 42 రోజులు, మధ్యలో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం. అన్ని రోజులూ ఊళ్లో పిల్లలు ఏమయ్యారని పంచాయతీని అడిగినవాళ్లు లేరు, అడిగినా చెప్పడానికి సర్పంచ్ దగ్గర ఏమీ లేదు.

పంచాయతీ డబ్బు అంగన్‌వాడీ దాకా వచ్చేది భవనం దగ్గర. పోషణ్ 2.0 (కేంద్రం అంగన్‌వాడీ పథకం) మార్గదర్శకాల్లో ఒక కేంద్రం ఖర్చు 12 లక్షలు. అందులో 8 లక్షలు ఉపాధి హామీ, 2 లక్షలు ఆర్థిక సంఘం నిధి, 2 లక్షలు మహిళా శిశు శాఖ. ఒకే గోడకు మూడు ఖాతాలు. ఉపాధి హామీలో కూలికి 60, మెటీరియల్‌కు 40 నిష్పత్తి చూడాలి, భవనమంటే సిమెంటు, ఇనుమే ఎక్కువ, కాబట్టి ఆ 40లో వంతు వచ్చేదాకా ఆగాలి. ఇంజనీరు (ఏఈ) వచ్చి పని కొలతల పుస్తకం (ఎం-బుక్) రాయాలి. శాఖ వాటా విడిగా రావాలి. ఎక్కడ ఆగినా పని అక్కడే ఆగుతుంది. పునాది మీద చువ్వలు తుప్పు పట్టి నిలబడ్డ అంగన్‌వాడీ చూస్తే చాలాసార్లు కారణం ఇదే.

ఆ ఆర్థిక సంఘం నిధి కూడా సర్పంచ్ చేతిలో స్వేచ్ఛగా లేదు. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికి కట్టేశారు. మిగిలిన 40 శాతంతో జీతాలు ఇవ్వకూడదన్నారు. అంటే కుళాయి పెట్టొచ్చు, మరుగుదొడ్డి కట్టొచ్చు, పిల్లను ఎత్తుకునే మనిషికి మాత్రం ఇవ్వలేరు. 2021లో ఆంధ్రలో ఆ నిధులను కరెంటు బకాయిల కింద సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి చాలాకాలం ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది, ఎన్నికైన పాలకవర్గం లేనిచోట ఈ గ్రాంటే రాదు. పోషకాహారం కోసం రాష్ట్రాలకు 7,735 కోట్లు ఇవ్వమని ఇదే సంఘం 2020-21కి సిఫార్సు చేస్తే కేంద్రం ఒప్పుకోలేదు.

ఇక అసలు సంగతి, క్రెష్. 2006లో పాత పథకాలు కలిపి రాజీవ్ గాంధీ జాతీయ క్రెష్ పథకం చేశారు. తర్వాత సవరించిన నిబంధనల ప్రకారం ఒక్కో కేంద్రంలో 25 మంది, ఆరు నెలల పిల్లల నుంచి ఆరేళ్ల దాకా, రోజుకు ఏడున్నర గంటలు. దారిద్య్రరేఖ దిగువ కుటుంబం నెలకు కట్టేది 20 రూపాయలు. తల్లిదండ్రుల ఆదాయం నెలకు 12 వేల దాకా ఉంటే 100, దాటితే 200. పనిచేసే తల్లికి ఇంతకంటే సరిగ్గా సరిపోయే పథకం మరొకటి రాలేదు. 2017 జనవరి నుంచి దాన్ని రాష్ట్రాల మీదుగా నడపాలన్నారు. కేంద్రం 60, రాష్ట్రం 30, నడిపే సంస్థ 10. ఆ పది శాతం కూడబెట్టలేక కొన్ని, రాష్ట్రం వాటా రాక కొన్ని మూతపడ్డాయి. ఒకప్పుడు దేశంలో 23 వేలకు పైగా ఉన్నవి కొన్నేళ్లలోనే 7 వేల లోపుకు పడిపోయాయి. 2022లో 'పాల్నా' పేరు పెట్టి, అంగన్‌వాడీలోనే క్రెష్ నడపాలంటూ 17,000 కేంద్రాలు అనుకున్నారు. దాదాపు 14 లక్షల అంగన్‌వాడీల దేశంలో ఎనభై కేంద్రాలకు ఒకటి.

నిజానికి పల్లెలో క్రెష్‌కు డబ్బు చూపించిన చట్టం ఒకటి వచ్చింది. 2005 ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూల్లో, పని దగ్గరకు ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలని, ఆమెకూ కూలీ ఇవ్వాలని రాశారు. కర్ణాటక 2023లో ఆ నిబంధనను పట్టుకుని 'కూసిన మనె' పేరుతో గ్రామ పంచాయతీల కింద శిశు కేంద్రాలు పెట్టింది, చూసుకునే వాళ్లకు ఉపాధి హామీ కూలీ ఇవ్వడం మొదలుపెట్టింది. మన దగ్గర కూలీ కట్టేది తవ్విన మట్టి కొలతను బట్టి. పార పట్టని మనిషి పేరు మస్టర్‌లో (హాజరు పట్టీలో) వేయాలంటే గుంపును నడిపే మేట్‌కు టెన్షన్, రేపు కొలత తగ్గిందని గుంపులో వాళ్లు తన మీదే పడతారేమోనని.