ఒక్క కోడీ కనపడని కోళ్ల ఎపిసోడ్: అపోహలు - వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో టీవీ కామెడీ షోలకు సౌండ్ మిక్సింగ్ చేస్తాను. మా దగ్గర కొత్తగా పనిలో చేరే పిల్లలకు మొదట వినిపించేది ఒక అమెరికన్ ఎపిసోడ్. ఒక రేడియో స్టేషన్ చుట్టూ నడిచే ‘డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి’ అనే కామెడీ సీరియల్‌లో ఏడోది, 1978 అక్టోబర్ 30న సీబీఎస్ అనే అమెరికా టీవీ చానల్‌లో వచ్చింది. మొన్న మళ్లీ చూశాను, చూశాక మా పని మీద తరచూ వినే కొన్ని మాటలకు జవాబు చెప్పాలనిపించింది.

కథ చిన్నది. అమెరికాలో టర్కీ కోడి వండుకునే థ్యాంక్స్‌గివింగ్ పండక్కి జనానికి టర్కీ కోళ్లు పంచి పేరు తెచ్చుకోవాలని ఆ రేడియో స్టేషన్ మేనేజర్ కార్ల్‌సన్ అనుకుంటాడు. బతికున్న కోళ్లను హెలికాప్టర్ నుంచి వదిలితే ఎగురుకుంటూ దిగుతాయని ఆయన నమ్మకం.

అపోహ: కోళ్లు ఆకాశం నుంచి పడటం చూపించారు.

వాస్తవం: ఒక్కటి కూడా పడటం కనపడదు. చూశామని ఒట్టేసి చెప్పేవాళ్లు నాకే తెలుసు, వాళ్లు అబద్ధమాడటం లేదు, చెవితో విన్నది వాళ్లకు బొమ్మ కట్టింది, అంతే. షాపింగ్ మాల్ ముందు ఆ స్టేషన్ రిపోర్టర్ లెస్ మైకు పట్టుకుని పైకి చూస్తుంటాడు. ఏదో కిందికి వస్తోందంటాడు, మనుషులేమో అనుకుంటాడు, ప్యారాచూట్ ఇంకా తెరుచుకోలేదని కంగారుపడతాడు, ఆ తర్వాతే అవి కోళ్లని తెలుస్తుంది. తడి సిమెంటు బస్తాల్లా నేలకు కొట్టుకుంటున్నాయని చెప్తుంటే గొంతు పగిలిపోతుంది. 1937లో హిండెన్‌బర్గ్ అనే ఎయిర్‌షిప్ (గ్యాస్ నింపి ఎగిరించే పెద్ద ఓడ లాంటిది) తగలబడినప్పుడు హెర్బర్ట్ మారిసన్ చేసిన రేడియో రిపోర్టు పోలిక అందులో కావాలనే పెట్టారు. మధ్యమధ్యలో స్టూడియోలో నోరెళ్లబెట్టి వింటున్న తోటివాళ్ల మొహాలు చూపిస్తారు, చివరికి లైన్ కట్టయిపోతుంది. మా పిల్లలకు ఈ సీన్ స్క్రీన్ ఆఫ్ చేసి వినిపిస్తాను. ఒక్క నవ్వు కూడా తగ్గదు.

అపోహ: టర్కీ కోళ్లు అసలు ఎగరలేవు.

వాస్తవం: అడవి టర్కీలు కొంత దూరం బాగానే ఎగురుతాయి, రాత్రిళ్లు చెట్ల మీదే పడుకుంటాయి. మాంసం కోసం బరువుగా పెంచే ఫారం కోళ్లే ఎగరలేవు.

అపోహ: పాత కామెడీల్లో నవ్వులన్నీ డబ్బాలోంచి తీసి అతికించినవే.

వాస్తవం: రికార్డు చేసిన నవ్వుల కోసం 1950లలోనే చార్లెస్ డగ్లస్ ఒక మెషీన్ తయారుచేసిన మాట నిజం. కానీ ఈ సీరియల్‌ని ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి వీడియో టేపు మీద తీశారు. ఎదురుగా మనుషులుంటే నటుడు నవ్వు ఆగేదాకా ఊపిరి పట్టుకుంటాడు, ఆ ఆగడం మిక్సింగ్‌లో నేను ఎంత కష్టపడినా పుట్టించలేను.

అపోహ: వెనక వచ్చే పాటే కదా, మారిస్తే ఎవరికి తెలుస్తుంది?

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టే మాట ఇదే. ఫిల్ముకు బదులు వీడియో టేపు వాడితే పాటల హక్కులు చవగ్గా వచ్చేవి, అందుకే ఈ సీరియల్‌లో అప్పటి అసలు పాటలే మోగాయి. తర్వాత ఆ హక్కుల గడువు తీరింది, చాలాచోట్ల పాటలు తీసేసి ఏదో ఒక సంగీతం నింపారు. మాటా పాటా ఒకే ట్రాక్‌లో ఉన్నచోట వేరే గొంతులతో డైలాగులు మళ్లీ చెప్పించారు. ఇదే ఎపిసోడ్‌లో పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బ్యాండ్ రికార్డు మోగుతుంటే కుక్కలు మొరుగుతున్నాయా అని కార్ల్‌సన్ అడిగే ముక్క ఉంది. రికార్డులో నిజంగానే కుక్కలున్నాయి. ఆ పాట తీసేశాక ఆ ప్రశ్నకు అర్థమేముంది?

నాకూ ఒకసారి ఇలాంటి పనే తగిలింది. ఒక పాత తెలుగు కామెడీ టేపు ఇచ్చి వెనకున్న సినిమా పాట తీసేయమన్నారు. ట్రాక్ ఒకటే. రెండు రాత్రులు కూర్చుని పాట తీశాను, పాటతో పాటే అత్తగారి గాజుల చప్పుడూ పోయింది. ఆవిడ విసుగంతా ఆ గాజుల్లోనే ఉంది. డజను మట్టిగాజులు కొని తెచ్చి మైకు ముందు మేమే మోగించాం, టైమింగ్ కూడా సరిగ్గా కుదిరింది, అయినా ఆ విసుగు మాత్రం రాలేదు.