తలుపు మీది తుపాకీ బొమ్మ: టెక్సస్‌లో మనవాళ్ల అపోహలు, అసలు వాస్తవాలు

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఊళ్లలో చాలా ఏళ్లుగా హ్యాండ్‌గన్ (పిస్టల్, రివాల్వర్ లాంటి చేతి తుపాకీ) లైసెన్సు క్లాసులు చెబుతున్నాను. మొదట్లో క్లాసుకు ఒకరిద్దరు తెలుగువాళ్లు వస్తే గొప్ప. 2023 మే 6న అలెన్ ఔట్‌లెట్ మాల్‌లో కాల్పులు జరిగి 8 మంది చనిపోయారు. వాళ్లలో ఒక తెలుగమ్మాయి కూడా ఉంది. ఆ వారం నుంచి నా ఫోన్ ఆగలేదు. భయంతోనే వచ్చినా, పద్ధతిగా నేర్చుకుందామని వచ్చినవాళ్లే అందరూ. కానీ అప్పటికే వాళ్ల దగ్గరున్న సమాచారం వింటే నాకు టెన్షన్ పట్టుకునేది.

కాల్చడం నేర్పడానికి ఒక పూట చాలు. లైసెన్సు పరీక్షలో 3, 7, 15 గజాల దూరాల నుంచి మొత్తం 50 తూటాలు కాల్చాలి, 250 పాయింట్లకు 175 వస్తే పాస్. ఏ తలుపు ముందు ఆగాలో నేర్పడానికే ఎక్కువ సమయం పడుతుంది. అందుకే ఇది రాస్తున్నాను. నేను లాయర్‌ని కాను. క్లాసులో ప్రతిసారీ వినే మాటలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

అపోహ: టెక్సస్‌లో ఇప్పుడు లైసెన్సే అక్కర్లేదు కదా, హెచ్1బీ మీద ఉన్నా తుపాకీ పెట్టుకోవచ్చు.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో, అర్హత ఉన్న పెద్దవాళ్లు లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. ఇందులో అసలు మాట ‘అర్హత ఉన్న’. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, బీ2 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. రాష్ట్రం ఎంత వెసులుబాటు ఇచ్చినా ఆ చట్టం అలాగే ఉంటుంది. శిక్ష 15 ఏళ్ల దాకా పడవచ్చు. కొనడమే కాదు, రేంజిలో (కాల్చడం సాధన చేసే చోట) అద్దె తుపాకీ చేతిలోకి తీసుకున్నా అది ‘దగ్గర ఉండటమే’.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మనవాళ్లకు అందుబాటులో ఉండేది అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను సరదాగా రేంజికి తీసుకొచ్చి ఫొటోలు దిగేవాళ్లు చాలామంది. దయచేసి ఆ పని చేయకండి. ఇంట్లో ఒకరు సిటిజన్ అయి, భార్యో భర్తో ఇంకా హెచ్4లో ఉంటే, సేఫ్ తాళం గానీ నంబరు గానీ ఆ రెండో మనిషి దగ్గర ఉండకూడదు. గ్రీన్ కార్డ్ చేతికి వచ్చేదాకా ఆగండి. నేను ఎవరికైనా ఇదే చెబుతాను, క్లాసు ఫీజు వెనక్కి ఇచ్చి మరీ చెబుతాను.

అపోహ: ఎర్ర గుండ్రంలో తుపాకీ బొమ్మ మీద గీత కొట్టి ఉంటే లోపలికి తీసుకెళ్లడం నేరం.

టెక్సస్‌లో లైసెన్సు ఉన్నవాళ్లకు ఆ బొమ్మ ఒక్కటే చట్టపరమైన నోటీసు కాదు. ఇక్కడ లెక్కకొచ్చేది అక్షరాలు. శిక్షాస్మృతిలో 30.06 అనే సెక్షన్ ఉంది, మేమంతా ‘థర్టీ ఓ సిక్స్’ అంటాం. బట్టల కింద కనబడకుండా పెట్టుకున్న హ్యాండ్‌గన్‌కు అది వర్తిస్తుంది. బయటికి కనబడేలా పెట్టుకుంటే 30.07. లైసెన్సు ఉన్నవాళ్లు అలా కనబడేలా పెట్టుకోవడానికి 2016 జనవరి 1 నుంచి అనుమతి వచ్చింది, ఆ బోర్డూ దానితోపాటే వచ్చింది. లైసెన్సు లేనివాళ్లకు 30.05.

30.06 బోర్డు మీద చట్టంలో ఉన్న వాక్యమే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ రాయాలి. అక్షరాల ఎత్తు కనీసం ఒక అంగుళం, వెనక రంగుకు భిన్నమైన రంగులో ఉండాలి, వచ్చేవాళ్లకు స్పష్టంగా కనబడాలి. అందుకే ఆ బోర్డులు అంత పెద్దగా ఉంటాయి. షాపు అద్దాల తలుపు మీద కిందదాకా తెల్ల అక్షరాలు నిండిపోయి ఉండటం మీరు చూసే ఉంటారు.

అయితే బొమ్మను పట్టించుకోవద్దని నేను ఎప్పుడూ చెప్పను. ఆ షాపు యజమాని తనకు ఇష్టం లేదని చెబుతున్నాడు. ఒకరి ఇంటికి వెళ్తూ, వాళ్లకు ఇష్టం లేదని తెలిసీ తీసుకెళ్లడం నాకు మర్యాద అనిపించదు. పైగా లైసెన్సు లేకుండా క్యారీ చేసేవాళ్ల విషయంలో, ఆ బొమ్మ నోటీసు కిందికి రాదని నమ్మి లోపలికి వెళ్లడం చాలా రిస్కు.

ఇంకో విషయం. అదే బొమ్మ ఇల్లినాయ్‌లో చట్టం చెప్పిన బోర్డే. 4 × 6 అంగుళాల చిన్న స్టిక్కర్. అక్కడ దానికి పూర్తి విలువ ఉంది. అన్నట్టు, టెక్సస్ లైసెన్సును ఇల్లినాయ్ గుర్తించదు. కాలిఫోర్నియా కూడా గుర్తించదు. షికాగోలో అక్కయ్య ఇంటికి కారులో బయల్దేరేముందు దారిలో వచ్చే ప్రతి రాష్ట్రం రూలూ చూసుకోండి.

అపోహ: బోర్డు లేదంటే తీసుకెళ్లొచ్చని అర్థం.

కాదు. బోర్డుతో పని లేకుండా చట్టమే మూసేసిన చోట్లు ఉన్నాయి. స్కూళ్లు, కోర్టులు, పోలింగ్ కేంద్రాలు, ఎయిర్‌పోర్టు చెకింగ్ దాటాక ఉండే భాగం.

స్కూలు దగ్గర మనవాళ్లు ఎక్కువ పొరపడతారు. మన ఉగాది, సంక్రాంతి సంబరాలు ఎన్నోసార్లు హైస్కూల్ ఆడిటోరియంలోనే జరుగుతాయి. ఆదివారం స్కూలుకు సెలవు కదా, హాలు మన సంఘం అద్దెకు తీసుకుంది కదా అనుకుంటారు. కానీ అది స్కూలు భవనమే. తుపాకీతో లోపల అడుగుపెడితే మూడో స్థాయి ఫెలొనీ, అంటే తీవ్రమైన నేరం. 2 నుంచి 10 ఏళ్ల జైలు. పిల్ల కూచిపూడి చూడటానికి వెళ్లిన తండ్రి జీవితం అంతటితో తలకిందులవుతుంది.

బార్ల ముందు ఎర్రగా ‘51%’ అని పెద్ద అంకె కనిపిస్తుంది. ఆ చోట అమ్మకాల్లో సగానికి పైగా అక్కడే తాగే మద్యానివని అర్థం. లైసెన్సు ఉన్నా లేకున్నా అక్కడికి తుపాకీ తీసుకెళ్లకూడదు. బీరు దొరికే ప్రతి బిర్యానీ హోటల్ ఈ లెక్కలోకి రాదు, కాబట్టి గోడ మీది బోర్డు చదవండి.

అపోహ: గుడిలోకి తుపాకీ తేవడం చట్టప్రకారమే నిషేధం.

2019 సెప్టెంబర్ 1కి ముందు చట్టంలో నిషేధిత స్థలాల జాబితాలో చర్చిలు, గుళ్లు కూడా ఉండేవి. 2017 నవంబర్‌లో సదర్‌లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో 26 మంది చనిపోయాక, ప్రార్థనా స్థలాలను ఆ జాబితాలోంచి తీసేశారు. ఇప్పుడు నిర్ణయం గుడి కమిటీది. వద్దనుకుంటే సరైన బోర్డు పెట్టాలి, లేదా నోటితో చెప్పాలి.

ఒక దసరాకు ఒకాయన ఫోన్ చేసి, ఆయుధ పూజకు పిస్టల్ గుడికి తెచ్చి పంతులుగారితో బొట్టు పెట్టించవచ్చా అని అడిగారు. భక్తితోనే అడిగారు. “ముందు కమిటీని అడగండి, వాళ్లు సరేనన్నా జనం మధ్య హోల్‌స్టర్‌లోంచి (తుపాకీ పెట్టుకునే ఒరలోంచి) బయటికి తీయకండి, ఇంట్లోనే పూజ చేసుకోండి” అని చెప్పాను. కారు పూజకు గుడికి వెళ్లడం వేరు, వంద మంది పిల్లలున్న మండపంలో తుపాకీ చేతులు మారడం వేరు.

గుడి కమిటీల్లో ఉన్నవాళ్లకు నా విన్నపం ఒకటే. ఆన్‌లైన్‌లో దొరికే తుపాకీ బొమ్మ స్టిక్కర్ అతికించి పని అయిపోయిందనుకోకండి. మూడు రకాల వాళ్లనూ ఆపాలంటే 30.05, 30.06, 30.07 మూడూ కావాలి, ప్రతి ద్వారం దగ్గరా కావాలి. చెప్పులు విడిచే వైపు తలుపును, వంటశాల తలుపును మర్చిపోతారు.

అపోహ: దొరికితే 200 డాలర్ల ఫైనే కదా.

బోర్డు దాటి వెళ్లినందుకు 200 డాలర్ల దాకా ఫైన్, నిజమే. కానీ వెళ్లిపొమ్మని మనిషి మొహం మీద చెప్పాక కూడా కదలకపోతే అది క్లాస్ ఏ నేరం. ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా ఫైన్. వాలంటీర్ వచ్చి చెబితే వాదన పెట్టుకోకండి. “సరేనండీ” అని బయటికి నడవండి.

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు ఆ 200 డాలర్లను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. తుపాకీకి సంబంధించిన నేరాల్లో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అది కారణం కావచ్చు. సిటిజన్‌షిప్ ఫారంలో అరెస్టులు, సైటేషన్ల గురించి అడుగుతారు. ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా ఫైన్ కట్టేసి రాకండి.

అపోహ: సిటీ హాలు అద్దెకు తీసుకుంటే ఆ రోజుకు మనమే యజమానులం, బోర్డు పెట్టేయొచ్చు.

ప్రభుత్వ స్థలాల్లో లైసెన్సు ఉన్నవాళ్లను ఆపడానికి 30.06 మామూలుగా పనిచేయదు. తప్పుగా బోర్డు పెట్టిన నగరానికి మొదటిసారి రోజుకు 1,000 నుంచి 1,500 డాలర్ల జరిమానా ఉంది. మరి అద్దెకు తీసుకున్న ప్రైవేటు సంస్థ పెట్టవచ్చా? ఈ ప్రశ్నే డాలస్‌లో ఏటా జరిగే టెక్సస్ స్టేట్ ఫెయిర్ అనే పెద్ద సంబరం దగ్గర పెద్ద గొడవైంది. 2023 అక్టోబర్‌లో అక్కడ కాల్పుల్లో ముగ్గురు గాయపడ్డారు. 2024లో ఫెయిర్ నిర్వాహకులు తుపాకులు నిషేధించారు. ఫెయిర్ జరిగే ఫెయిర్ పార్క్ డాలస్ నగరానిది. రాష్ట్ర అటార్నీ జనరల్ కోర్టుకెళ్లినా, ఫెయిర్ మొదలయ్యేలోపు నిషేధాన్ని ఆపడానికి టెక్సస్ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఫెయిర్ ఆ నిషేధంతోనే జరిగింది. మన సంఘాలు హాలు కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందే ఈ విషయం నగరాన్ని రాతపూర్వకంగా అడగాలి.

అపోహ: ఆఫీసు పార్కింగ్‌లో, కారులో కూడా ఉంచకూడదు.

2011 నుంచి టెక్సస్‌లో చాలావరకు కంపెనీలు, తాళం వేసిన సొంత కారులో చట్టబద్ధంగా ఉన్న తుపాకీని నిషేధించలేవు. ఆఫీసు లోపల మాత్రం నిషేధించవచ్చు. కారులో వదిలితే చిన్న లాక్‌బాక్స్‌లో పెట్టి, దాన్ని కేబుల్‌తో సీటుకు బిగించండి. సీటు కింద ఊరికే పెట్టిన తుపాకీ దొంగకు దొరికినట్టే.

అపోహ: సంచిలో ఉండిపోయింది, మర్చిపోయానంటే వదిలేస్తారు.

2023లో అమెరికా ఎయిర్‌పోర్టుల చెకింగ్‌లో 6,737 తుపాకులు దొరికాయి, ఎక్కువ భాగం తూటాలు నింపి ఉన్నవే. చాలామంది చెప్పేది ‘మర్చిపోయాను’ అనే. అంతకంటే మన ఇళ్లలో జరిగేది ఇంకొకటి ఉంది. రేంజికి తీసుకెళ్లిన బ్యాక్‌ప్యాక్‌నే ఇండియా ప్రయాణానికి వాడతారు. అడుగున జిప్పులో ఒక్క తూటా ఉండిపోతుంది. ఇండియాలో ఆ ఒక్క తూటాకూ ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియక ఉండిపోయిందని కోర్టులో తేలితే కేసు కొట్టేయవచ్చు, కానీ అప్పటిదాకా తిరుగు ప్రయాణం, ఉద్యోగం, అన్నీ ఆగిపోతాయి. రేంజికి వాడే సంచి వేరుగా కొనుక్కోండి, దాని రంగు కూడా వేరుగా ఉండాలి. నాది నారింజ రంగు, గరాజ్‌లో మేకుకు వేలాడుతుంది, ఇంట్లోకి రాదు.