కోట్లు గడించిన రాక్ బ్యాండ్లు, అభిమానుల గొడవలు: అపోహలు - వాస్తవాలు

కచేరీ యాత్రల జమాఖర్చులు చూడటం నా వృత్తి. రాక్ బ్యాండ్ బాగా సంపాదించిందంటే చాలు, అభిమానులు రెండు జట్లుగా చీలిపోతారు. డబ్బు రుచి మరిగినవాళ్లతో ఇక మనకేం పని అని ఒక జట్టు, మనవాళ్లను పల్లెత్తు మాట అనొద్దని ఇంకో జట్టు. తమాషా ఏమిటంటే, ఇద్దరి వాదనా తరచూ ఒకే రకం తప్పుడు లెక్కల మీద నడుస్తుంది.

అపోహ: ధర పెంచేది టికెట్ల కంపెనీ. పాపం, బ్యాండ్‌కు ఏమీ తెలియదు.

వాస్తవం: బ్యాండ్ తరఫున మేనేజర్ సరే అననిదే ధరల పట్టిక బయటికి రాదు. ఏ వరుసకు ఎంత, గిరాకీని బట్టి ధర పెరగాలా వద్దా అన్నవన్నీ ముందే మాట్లాడుకునే సంగతులు. 2024 ఆగస్టు 31న బ్రిటన్ రాక్ బ్యాండ్ ఒయాసిస్ పునఃకలయిక కచేరీల టికెట్లు అమ్మకానికి పెట్టినప్పుడు, గంటల తరబడి ఆన్‌లైన్ వరుసలో కాచుకున్నవారికి దాదాపు 150 పౌండ్లు అనుకున్న టికెట్ 355 పౌండ్లై ఎదురైంది. అదీ నిలబడి చూసే టికెట్! ధరల సంగతి ప్రమోటర్లకు (కచేరీ ఏర్పాటు చేసేవాళ్లకు), మేనేజర్లకు వదిలేశామనీ, గిరాకీ ధరలు పెడతారని తమకు తెలియదనీ బ్యాండ్ ప్రకటించింది. తెలియకపోయి ఉండొచ్చు. కానీ ఆ తర్వాత ఉత్తర అమెరికా కచేరీలకు ఆ పద్ధతి వద్దనుకున్నారు, అది ఆగిపోయింది.

2023లో ద క్యూర్ బ్యాండ్ అమెరికా యాత్రకు గిరాకీ ధరలు మొదటే వద్దంది. కొన్ని టికెట్లు 20 డాలర్లకే పెట్టింది. తీరా చూస్తే సేవా రుసుములన్నీ కలిపి టికెట్ ధరనే మించిపోయాయి. గాయకుడు రాబర్ట్ స్మిత్ బహిరంగంగా నిలదీయడంతో టికెట్లు అమ్మిన కంపెనీ టికెట్‌మాస్టర్ అతి చౌక టికెట్లు కొన్నవారికి 10 డాలర్లు, మిగతావారికి 5 డాలర్లు వెనక్కి ఇచ్చింది. అయినా ఆ రుసుములన్నీ కంపెనీకే మిగలవు. కచేరీ వేదికకూ వాటా వెళ్తుంది, కొన్నిచోట్ల ప్రమోటర్‌కూ వెళ్తుంది. తిట్లు మాత్రం కంపెనీ ఒక్కటే తింటుంది. ఆ ఏర్పాటు అందరికీ సౌకర్యంగానే ఉంటుందని నా అనుమానం.

అపోహ: టికెట్ డబ్బంతా వాళ్ల జేబులోకే.

వాస్తవం: కచేరీ ముగిసే వేళకు వేదిక వెనక ఒక చిన్న గదిలో ప్రమోటర్ మనుషులూ మేమూ లెక్క తేల్చుకోవడానికి కూర్చుంటాం. పన్నులు, వేదిక అద్దె, భద్రత, బీమా, ప్రకటనలు, లోడింగ్ కూలీలు, చివరికి తువ్వాళ్లు ఉతికిన ఖర్చు దాకా ప్రతిదానికీ బిల్లు ఉండాలి. తువ్వాళ్ల దగ్గర జరిగినంత వాదన పెద్ద పద్దుల దగ్గర జరగదు. ఖర్చులు పోగా మిగిలినదాంట్లో పేరున్న బ్యాండ్‌కు 85 నుంచి 90 శాతం రావడం మామూలు. అందులోంచే సిబ్బంది జీతాలు, లారీలు, హోటళ్లు, మేనేజర్, ఏజెంట్ కమిషన్లు కట్టాలి. ఐర్లండ్ బ్యాండ్ యూటూ చేసిన ‘360 డిగ్రీల’ యాత్ర 110 కచేరీలకు 73 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఆ యాత్రలో వేదిక కోసం నిలబెట్టే భారీ ఉక్కు కట్టడాలు మూడు ఉండేవి. ఒకదాని మీద పాడుతుంటే ఇంకో ఊళ్లో మరొకటి లేపుతుండేవారు. వసూలు వేరు, మిగులు వేరు. అలాగని వాళ్ల మీద జాలి పడనక్కర్లేదు, మిగిలేదీ గట్టిగానే ఉంటుంది.

అపోహ: పాటలు వినడం మానేస్తే దారికొస్తారు.

వాస్తవం: ఆ పాటలు ఇప్పుడు ఎవరివో ముందు చూసుకోండి. పింక్ ఫ్లాయిడ్ తన రికార్డింగుల హక్కులను 2024లో సోనీ సంగీత కంపెనీకి అమ్మేసింది. అలాంటిచోట మీరు వినడం మానేస్తే ఆ మేరకు తగ్గేది కొన్నవాడి రాబడి. పాట రాసినవారి హక్కు మళ్లీ వేరు.

అపోహ: డబ్బు చేరితే సంగీతం పోతుంది.

వాస్తవం: నా ఖాతా పుస్తకంలో దీనికి గడి లేదు. ఒక్కటి చెప్పగలను. 2007లో రేడియోహెడ్ కొత్త ఆల్బమ్‌ను ‘మీకు తోచినంత ఇచ్చి తీసుకోండి’ అని ఆన్‌లైన్‌లో పెట్టింది. పూట గడవని బ్యాండ్‌కు ఆ తెగువ రాదు.

అపోహ: అభిమానుల కోపమంతా అసూయే.

వాస్తవం: 2014లో యూటూ కొత్త ఆల్బమ్ దాదాపు 50 కోట్ల ఐట్యూన్స్ ఖాతాల్లో ఉచితంగా వచ్చిపడింది. పైసా ఖర్చు లేదు, అయినా జనం మండిపడ్డారు. అడగకుండా తమ ఫోన్లలో పెట్టారని వాళ్ల కోపం. దాన్ని తొలగించుకోవడానికి ఆపిల్ ప్రత్యేక సాధనమే ఇవ్వాల్సి వచ్చింది.

అంతకన్నా లోతైన గాయం పన్నుది. ఐర్లండ్ ప్రభుత్వం కళాకారుల పన్ను మినహాయింపుకు ఏటా రెండున్నర లక్షల యూరోల పరిమితి పెట్టబోతుంటే, 2006లో యూటూ తన పాటల హక్కుల వ్యాపారాన్ని నెదర్లాండ్స్‌కు తరలించింది. చట్టం దృష్టిలో అందులో తప్పేమీ లేదు. తమ రాబడిలో అధిక భాగం ఐర్లండ్ బయటిదేనన్నది బ్యాండ్ సమాధానం. పేద దేశాలకు సాయం పెంచమని ప్రభుత్వాలను అడిగే యూటూ గాయకుడు బోనో బ్యాండే ఇలా చేయడం చాలామందికి మింగుడుపడలేదు. 2011లో బ్రిటన్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీత ఉత్సవంలో నిరసనకారులు ఆ సంగతినే పెద్ద బెలూన్ మీద రాసి ఎగరేయబోయారు. దీన్ని అసూయ అని కొట్టిపారేయడం నాకు నచ్చదు.

పాటలు ఉంచుకుని టికెట్ కొనడం మానేసిన అభిమానులు నాకు చాలామంది తెలుసు. వాళ్ల కోపం మా లెక్కల్లోకి వెంటనే వస్తుంది. పై అంతస్తు వరుసలు ఖాళీగా మిగిలితే, తర్వాతి యాత్ర ధరల పట్టిక మీద చర్చ ఆ ఖాళీ సీట్ల దగ్గరే మొదలవుతుంది.